నొప్పి లేని నెత్తురు

సారయ్యకు ఒంటేలు మొదటిసారి ఎర్రగా వచ్చింది పంతొమ్మిది వందల డెబ్బై ఆరు ఎండాకాలంలో.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ల నడుమ రామలింగం సేటుకు రంగుల ఖార్ఖానా ఉండేది. సారయ్య పెళ్లికి ముందు నుంచీ అందులోనే నూలుకు రంగు అద్దుతున్నాడు. మరిగే గంగాళంలో నూలు కట్టలను కర్రలకు వేసి ముంచాలి, తిప్పాలి, పిండాలి, పెరట్లో దండేల మీద ఆరబెట్టాలి. రంగు పొడిని డబ్బాలోంచి చేత్తోనే తీసి నీళ్లలో చల్లేవాడు. అది గాలికి లేచి ముక్కుల్లోకి, నోట్లోకి పోయేది. అక్కడ పనిచేసేవాళ్లు ఉమ్మితే ఉమ్ముకు రంగు, చెమట తుడుచుకుంటే తువ్వాలకు రంగు. అందుకే ఆ రోజు ఖార్ఖానా వెనక గోడ దగ్గర కూర్చున్నప్పుడు నేల మీద ఎర్రగా పారింది చూసి అతను పెద్దగా బెదరలేదు. పొద్దంతా ఎర్ర గంగాళం దగ్గరే ఉన్నాననుకున్నాడు. బీడీ ముట్టించుకుని మళ్లీ పనిలోకి పోయాడు.

బెదిరింది అతని భార్య లక్ష్మీనర్సమ్మ. ఆమె ఇంట్లో నేతగాళ్లకు నూలు కండెలు చుట్టేది. బట్టలుతికేటప్పుడు పంచె మీద మరక చూసింది. పెళ్లయిన నాటి నుంచి రంగు మరకలు ఉతుకుతున్న మనిషి. రంగు సబ్బు పెట్టి బండకేసి బాదినా పోదు. ఇది ఉత్త చన్నీళ్లకే వదిలి, అంచున ఇటుక రంగు గీత మిగిల్చింది. సాయంత్రం భర్త రాగానే పంచె ముందర పెట్టింది.

"ఇది రంగు కాదు. నెత్తురు."

"రంగుల పని చేసేటోని బట్టల మీద రంగు గాక ఏముంటదే?"

"నాకు తెల్వదా? ఏడన్న నొస్తాందా?"

"నొస్తే నీకు చెప్పనా? సూది మొనంత నొప్పి లేదు. వేడి చేసింది, గంతే."

వేడి అన్న మాట ఇద్దరికీ తేలికగా తోచింది. ఆ ఎండలకు, ఆ పొయ్యిల సెగకు వేడి చేయకపోతేనే వింత. ఆమె సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది, బార్లీ కాచింది. అతను పొద్దున్నే పోయి ఈతకల్లు తాగి వచ్చాడు. కొద్ది రోజులకే ఒంటేలు తెల్లబడింది. లక్ష్మీనర్సమ్మ ఊపిరి పీల్చుకుంది.

వానాకాలంలో మళ్లీ వచ్చింది. ఈసారి ఎర్ర గంగాళం దగ్గర పని లేదు, నీలం అద్దుతున్నాడు. రంగు అనుకోవడానికి వీల్లేకపోయింది. బజారులో మందుల గది పెట్టుకున్న వీరభద్రం దగ్గరికి పోయాడు. వీరభద్రం ఒకప్పుడు ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరు. ఒంటేలు పరీక్ష చేయించమనలేదు, ఎన్నిసార్లు వచ్చిందని అడగలేదు. చిన్న రాయేదో ఉండి ఉంటుంది, కరిగిపోతుందన్నాడు. పిర్రకు సూది వేసి, గోలీలు పొట్లం కట్టి ఇచ్చాడు. వారం తిరగకముందే నెత్తురు ఆగింది. ఆ జబ్బు తీరే అంత అని వాళ్లెవరికీ తెలియదు. వస్తుంది, దానంతటదే ఆగుతుంది, నెలల తరబడి కనిపించదు. ఆగిన ప్రతిసారీ అప్పుడు వాడిన మందుకే పేరొచ్చేది. ఒకసారి బార్లీకి, ఒకసారి కల్లుకు, ఒకసారి వీరభద్రం సూదికి.

పెద్ద దవాఖానకు పోదామని లక్ష్మీనర్సమ్మ రెండు మూడుసార్లు అడిగింది. అక్కడ ఆడ డాక్టర్లుంటారు, చదువుకునే పిల్లలుంటారు, వాళ్లందరి ముందు పంచె విప్పి పండుకోవాలా అని అతను కోప్పడ్డాడు. నొప్పి లేదు, జ్వరం లేదు, తిన్నది అరుగుతోంది, పనికి పోతున్నాడు. అట్లాంటి మనిషిని రోగి అనడానికి ఆమెకే నోరు రాలేదు. కొన్నాళ్లకు పంచెలు అతనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. ఎందుకని ఆమె అడగలేదు.

వాళ్లకు పిల్లలు లేరు. సారయ్య తమ్ముడు కట్టయ్యను చిన్నప్పటి నుంచి వాళ్లే సాకారు, పెళ్లి చేశారు. పక్క అర్రలోనే కట్టయ్య, అతని భార్య యాకమ్మ ఉండేవాళ్లు. అతన్ని రంగుల ఖార్ఖానాలో పనికి కుదిర్చింది కూడా సారయ్యే. అన్నదమ్ములు ఒకే గంగాళానికి అటొకరు ఇటొకరు నిలబడి నూలు తిప్పేవాళ్లు.

డెబ్బై ఎనిమిదిలో దీపావళి దాటాక ఒక పొద్దున సారయ్య పెరట్లోకి పోయి చాలాసేపు తిరిగి రాలేదు. లక్ష్మీనర్సమ్మ పోయి చూసేసరికి గోడ పట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర నెత్తురు గడ్డలు కార్జం ముక్కల్లా పడి ఉన్నాయి. వాటి తర్వాత చుక్క రాలేదు. మధ్యాహ్నానికి పొత్తికడుపు కుండలా ఉబ్బింది. రెండేళ్లు లేని నొప్పి అంతా ఒక్క పూటలో వచ్చినట్టు అతను నేల మీద పడి పొర్లాడు. కట్టయ్య ఖార్ఖానా నుంచి ఉరికొచ్చి అన్నను రిక్షాలో ఒళ్లో పెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ డ్యూటీలో ఉన్నది అరుణ అనే చిన్న వయసు డాక్టరమ్మ. ఆడ డాక్టరా, మగ డాక్టరా అని సారయ్య చూడలేదు. పంచె ఎవరు విప్పారో కూడా అతనికి తెలియదు. లావు గొట్టం లోపలికి వేసి, పిచికారితో నీళ్లు ఎక్కించి, గడ్డలను బయటికి లాగి, మళ్లీ ఎక్కించి, సాయంత్రం దాకా కడిగారు. కడుపు దిగాక అతను కళ్లు మూసుకుని పండుకున్నాడు. అరుణ లక్ష్మీనర్సమ్మను పక్కకు పిలిచి, ఇదెప్పటి నుంచి అని అడిగింది. ఆమె చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు. ఈ గొట్టం ఇవాళ్టి బాధకేనని, నెత్తురు ఎక్కడి నుంచి వస్తున్నదో లోపల చూసి చెప్పే డాక్టరు వేరే ఉంటాడని, మూత్రకోశాల జబ్బులే చూసే డాక్టర్ సత్యనారాయణ హైదరాబాదులో ఉన్నాడని, ఆలస్యం చేయొద్దని చెప్పి చీటీ రాసిచ్చింది.

నాలుగు రోజుల్లో ముగ్గురూ హైదరాబాదు పోయారు. సత్యనారాయణ నెమ్మదిగా మాట్లాడే మనిషి. మొదట నెత్తురు ఎప్పుడు చూశావు, ధారలో మొదట వచ్చేదా చివర వచ్చేదా, మొత్తం ఎర్రగా ఉండేదా, బీడీలు తాగుతావా, ఏం పని చేస్తావు అని ఒక్కొక్కటే అడిగాడు. రంగుల పని అనగానే రాయడం ఆపి సారయ్య చేతుల వైపు చూశాడు.

"నొప్పి లేదని ఊరుకున్నావా?"

"ఆగిపోయేది సారూ. ఆగిపోయినంక దవాఖానకు ఎందుకొస్తం?"

"రాయి ఉన్నవాడు నొప్పికి తట్టుకోలేక ఉరికొస్తాడు. వాడి గురించి నాకు భయం లేదు. నొప్పి లేకుండా నెత్తురు పోసేవాడు రాడు. వాడి గురించే నాకు భయం."

తర్వాత ఏం చేయబోతున్నాడో కూడా చెప్పాడు. వెన్నులో సూది వేస్తే నడుము కింద మొద్దుబారుతుంది. ఒంటేలు వచ్చే దారిలోంచే దీపం ఉన్న సన్నని గొట్టం మూత్రాశయంలోకి పంపి, లోపలి గోడలన్నీ కంటితో చూస్తాడు. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాడు. నొప్పి తెలియదు, కానీ తర్వాత కొన్ని రోజులు మంట ఉంటుంది. సారయ్య అన్నింటికీ తలూపాడు. రెండేళ్ల కింద ఏ సిగ్గుకు దవాఖాన గడప తొక్కలేదో, ఆ సిగ్గు అతని ముఖంలో ఇప్పుడు ఎక్కడా లేదు. టేబుల్ మీద కాళ్లు ఎత్తి కట్టేటప్పుడు కట్టయ్య తలుపు సందులోంచి చూసి, తల తిప్పుకుని బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. వదిన అడిగితే ఏం లేదన్నాడు.

పుండు మూత్రాశయం గోడను తొలుచుకుని లోతుకు పోయింది. పరీక్ష కాగితాలు వచ్చాక డాక్టరు దాచకుండా చెప్పాడు. అది క్యాన్సర్. మూత్రాశయం మొత్తం తీసేయాలి, పేగు ముక్కతో కడుపు మీద దారి చేయాలి, ఒంటేలు అక్కడ కట్టిన సంచిలోకి వస్తుంది, బతికినన్నాళ్లూ ఆ సంచి ఉంటుంది. లేదంటే రేడియేషన్, అంటే కరెంటు పెట్టించాలి. అది కొంతకాలం ఆపుతుందేమో గానీ తీసేసినంత భరోసా లేదు.

"కడుపు మీద సంచి కట్టుకుని ఎవలింట్ల కూసుంట?" అన్నాడు సారయ్య. "కరెంటే పెట్టియ్యుండ్రి."

లక్ష్మీనర్సమ్మ బతిమాలింది. డాక్టరు మరొకసారి ఆలోచించుకొమ్మన్నాడు. అతను వినలేదు.

బయలుదేరే ముందు డాక్టరు ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ రంగుల్లో కొన్నింటికి ఈ గుణం ఉందని, ఒంట్లోకి పోయి ఒంటేలులో దిగి, ఏళ్ల తరబడి మూత్రాశయంలో నిలిచి నిలిచి ఈ పని చేస్తాయని చెప్పాడు. బీడీ దానికి తోడు. "ఆ ఖార్ఖానాలో ఇంకెవరికైనా ఎర్రగా వస్తే నా దగ్గరికి పంపు. ఒక్కసారే వచ్చినా సరే, ఆగిపోయినా సరే. ఆగింది కదా అని మాత్రం ఎవరినీ ఉండనివ్వకు" అన్నాడు.

ఆ మాట ఆమె రైల్లోనే భర్తకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు సారయ్య. చెప్తే సేటు ఖార్ఖానా మూసేస్తాడు, వాడలో అందరి నోటికాడి బువ్వ తీసినట్టవుతుంది, తమ్ముని పని కూడా పోతుంది అన్నాడు. రోగంతో ఉన్న మనిషి మాట కాదనలేక ఆమె నోరు మూసుకుంది.

కరెంటు పెట్టాక కొన్ని నెలలు నెత్తురు రాలేదు. అతను వాకిట్లో కూర్చుని నేతగాళ్లతో మాట్లాడేవాడు. తర్వాత నడుము ఎముకల్లో పోటు మొదలైంది. కాళ్లు వాచాయి. ఒంటేలు మంటకు ఓర్చుకోలేక నీళ్లు తాగడం మానేశాడు. చివరి వారాల్లో అతన్ని పక్క మీద ఇటు నుంచి అటు తిప్పాలన్నా కట్టయ్య రావాల్సి వచ్చేది. డెబ్బై తొమ్మిది చలికాలంలో పోయాడు. కడిగిన చేతుల గోళ్ల సందుల్లో అప్పటికీ నీలం అట్లాగే ఉంది.

నెల మాసికం అయిన మరునాడు మధ్యాహ్నం లక్ష్మీనర్సమ్మ ఖార్ఖానాకు పోయింది. మగవాళ్లంతా గోడ నీడన కూర్చుని సద్దులు విప్పుకుంటున్నారు. ఆమె వాళ్ల ముందు నిలబడింది. కొంగు నిండుగా కప్పుకుంది గానీ తల దించుకోలేదు.

"మీకెవలికన్న ఒంటేలు ఎర్రగ వస్తాందా? ఎన్నడన్న వచ్చిందా?"

డాక్టరు చెప్పిందంతా ఆమె చెప్పింది. సారయ్య ఈడువాడు మొగిలి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, ఆడదానివై ఉండి గిదేం అడుగుడు వదినా అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు నవ్వు కలిపారు. చప్పుడు విని రామలింగం సేటు వచ్చాడు. అతను కసరలేదు. సారయ్య పోయిన దుఃఖంలో ఆమెకు మతి సరిగా లేదని వాళ్లతో అని, ఇంటికి పొమ్మని ఆమెతో చెప్పాడు. తన తాత నాటి నుంచి రంగుల పని ఉందని, అప్పుడెవరూ ఇట్లా చావలేదని కూడా అన్నాడు. అప్పటి రంగులు చెట్ల నుంచి, కాయల నుంచి తీసినవని, ఇవి డబ్బాల్లో వచ్చినవని ఆమెకు తర్వాత ఎప్పుడో తోచింది. అప్పుడు ఏమీ తోచలేదు. ఇంటికి వచ్చి కండెలు ముందేసుకుని కూర్చుంది.

పొద్దుగూకే వేళ కట్టయ్య వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"నాకు గూడ వచ్చింది వదినా."

ఆమె చేతిలో కండె ఆగిపోయింది. "ఎన్నడు?"

"అన్నకు కరెంటు పెడ్తాన్నప్పుడు. రెండు రోజులొచ్చి ఆగింది. మొన్న మల్లొచ్చింది."

"మీ అన్నను ఒళ్లె పెట్టుకుని తీస్కపోయినవ్. అంత కండ్లార చూసినవ్. ఎందుకు చెప్పలే?"

"చెప్తే నాకు గూడ గదే అంటరని."

లక్ష్మీనర్సమ్మ చేతిలోని కండెను గోడకేసి కొట్టింది. దారం అర్రంతా విప్పుకుంది. ఆ చప్పుడుకు యాకమ్మ పక్క అర్రలోంచి వచ్చింది. ఆమెకు చెప్పొద్దని కట్టయ్య సైగ చేశాడు. లక్ష్మీనర్సమ్మ అతని ముందే అంతా చెప్పేసింది. ఒకసారి దాచి ఏమైందో చూశాను, ఇంక ఈ ఇంట్లో దాచేది లేదంది. యాకమ్మ ఏడుస్తూ కూలబడింది. మరునాడు పొద్దుటి రైలుకే వదినా మరిదీ హైదరాబాదుకు బయలుదేరారు.

దవాఖాన ఆవరణలో అడుగు పెట్టగానే కట్టయ్య ఆగిపోయాడు. అన్నకు ఎంత చేసినా దక్కలేదు కదా, తనను కోయడం ఎందుకు అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని వరుసలో నిలబెట్టింది. ఒంటేలు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చారు. చేతి నరంలోకి మందు ఎక్కించి, అది మూత్రపిండాల్లోంచి దిగుతుంటే ఎక్స్‌రే ఫొటోలు తీశారు. ఆ తర్వాత అదే టేబుల్, అదే గొట్టం. డాక్టరుకు చిక్కుడు గింజంత కాయ కనిపించింది. లోతుకు పోలేదు, గోడ మీదనే వేలాడుతోంది. గొట్టంలోంచే వేడి తీగతో దాన్ని చెక్కి తీసేశాడు. కడుపు కోయలేదు. కొన్ని రోజులు ఒంటేలు గొట్టం ఉంచి, నీళ్లు బాగా తాగమని చెప్పి పంపుతానన్నాడు.

"ఇతను బతుకుతాడమ్మా. కానీ ఇది మళ్లీ మొలిచే జబ్బు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఆ పని మానాలి, బీడీ మానాలి. నువ్వు తొందరగా తెచ్చావు."

లక్ష్మీనర్సమ్మ దండం పెట్టి బయటికి వచ్చింది. దవాఖాన వెనక నీళ్ల ట్యాంకు పక్కన ఎవరూ లేని చోట కూర్చుని ఏడ్చింది. సంతోషానికి కాదు. చిక్కుడు గింజ. పంచె మీద మరక చూసిన నాడు సారయ్య కడుపులోనూ అంతే ఉండి ఉంటుంది. అన్నదమ్ములిద్దరిలో ఒకరే దక్కుతారంటే ఎవరిని కోరుకునేదో అన్న ఆలోచన వచ్చి, తన మీద తనకే అసహ్యం వేసింది. కొళాయి దగ్గర ముఖం కడుక్కుని లోపలికి పోయింది. కట్టయ్యకు దాహంగా ఉందంటే గ్లాసు నోటికి అందించింది.

కట్టయ్య రంగుల పని మానేసి ధాన్యం మార్కెట్లో బస్తాలు కుట్టే పనికి కుదిరాడు. రామలింగం సేటు మిగిలినవాళ్లకు రబ్బరు చేతి తొడుగులు తెప్పించాడు. ఆ ఉక్కకు వాటిని ఎవరూ వేసుకోలేదు. ఎనభై రెండులో మొగిలి ఒకరోజు లక్ష్మీనర్సమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు, పాదాలు వాచి ఉన్నాయి. నవ్వినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. ఆమె అతన్ని కూడా హైదరాబాదు తీసుకుపోయింది. అప్పటికే మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. తిరిగొచ్చాక ఆ నెల దాటలేదు. మొగిలి పోయాక ఖార్ఖానాలోని ఇద్దరు ఎవరికీ చెప్పకుండా పోయి ఒంటేలు పరీక్ష చేయించుకున్నారని ఆమెకు యాకమ్మ చెప్పింది.

ఎనభై నాలుగులో కట్టయ్యకు మళ్లీ మొలిచింది. మధ్యలో ఒకసారి తీయించుకున్నాక ఇది మూడోసారి. పోనని మొండికేశాడు. ఆ టేబుల్ మీద కాళ్లెత్తి పండుడు ఇంక తనతోని కాదన్నాడు. యాకమ్మ చెప్పి చెప్పి అలిసి బావి గట్టు మీద కూర్చుంది. లక్ష్మీనర్సమ్మ వచ్చి, అతని చొక్కా తెచ్చి ఒళ్లో పడేసి, వేసుకొమ్మంది. చాలాసేపు నిలబడే ఉంది. చివరికి అతను లేచి వేసుకున్నాడు.

ఈసారి రెండు చోట్ల చెక్కారు. గొట్టం తీసిన మరునాడు డోర్నకల్ పోయే ప్యాసింజర్లో తిరిగి వచ్చారు. కట్టయ్య దారంతా కిటికీకి తల ఆనించి పండుకున్నాడు. కాజీపేట దాటాక ఆమె తట్టి లేపింది. అతను లేచి, పెట్టె చివరికి ఒంటేలుకు పోయి, చాలాసేపటికి సీట్లు పట్టుకుంటూ తిరిగి వచ్చాడు. ఆమె అతని ముఖం చూసింది.

"ఇంక జర ఎర్రగనే ఉన్నది వదినా."

రెండు మూడు రోజులు అట్లాగే ఉంటుందని డాక్టరు చెప్పాడు. అయినా ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చి, అతను మొత్తం తాగేదాకా చూస్తూ కూర్చుంది. రైలు వరంగల్ స్టేషన్లో ఆగింది. మూట ఆమె అందుకుంది, అతను మెల్లగా వెనక దిగాడు.